కొలిచేవాడి కూలి ఎవరిస్తారు? జరీబు తాడు నుంచి డ్రోన్ దాకా భూమి సర్వే చరిత్ర

ఈ వ్యాసం ఒక ఫోన్ కాల్‌తో మొదలైంది. మాది అనంతపురం జిల్లాలో ఒక చిన్న ఊరు. రీసర్వే జరుగుతున్న రోజుల్లో నాన్న ఫోన్ చేసి, "రేపు మన చేని మీద డ్రోన్ తిప్పుతారంట. ఆ తర్వాత రాళ్లు చూస్తారంట. నువ్వుంటే బాగుండు" అన్నాడు. ఆదివారం మాక్ టెస్ట్ ఉంది, రాలేనన్నాను. "మిషనే కొలుస్తుంది కదా నాన్నా, మనం ఉండి ఏం చేస్తాం?" అని కూడా అన్నాను.

కొన్ని నెలలకు పటం చేతికొచ్చింది. పాసు పుస్తకంలో 3 ఎకరాల 12 సెంట్లు ఉండాల్సింది 3 ఎకరాల 6 సెంట్లయింది. ఆరు సెంట్లంటే ప్రిలిమ్స్‌లో రెండు ప్రశ్నలు తప్పినట్టు కాదు. మా ఊళ్లో అది ఒక ఇంటి జాగా.

ఆ ఆరు సెంట్లు ఏమయ్యాయో చివర్లో చెబుతాను. ఈలోగా చరిత్ర చదువుకుందాం. ఇవాళ రోడ్లు, లేఅవుట్లు, కాలువలు, పరిశ్రమలు కట్టేవాళ్లు డ్రోన్ సర్వేయర్లను పనికి కుదుర్చుకుంటున్నారు. ప్రభుత్వాలు గ్రామాలకు గ్రామాలను డ్రోన్లతో కొలిపిస్తున్నాయి. దీన్ని సైన్స్ అండ్ టెక్నాలజీ అంశంగా మాత్రమే చదివితే సగమే చదివినట్టు. మన ఉపఖండంలో భూమిని కొలవడానికి నాలుగు వందల ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. అందులో పనిముట్టు మారినప్పుడల్లా అవే నాలుగు ప్రశ్నలు తిరిగి వచ్చాయి. కొలిచేవాడికి డబ్బు ఎవరిస్తారు? ఏ లెక్కన ఇస్తారు? అతని కొలతను ఎవరు సరిచూస్తారు? కొలిచేటప్పుడు భూమి గలవాడు పక్కన ఉన్నాడా?

ఈ నాలుగు ప్రశ్నలు గుర్తుంటే జనరల్ స్టడీస్‌లో భూ సంస్కరణల మీదైనా, ఎస్సే పేపర్‌లో సాంకేతికత మీదైనా మీ జవాబుకు ఒక వెన్నెముక దొరుకుతుంది.

1. తాడు పొట్టిదైతే పొలం పెద్దదవుతుంది

భూమిని కొలిచి శిస్తు కట్టడం మనకు కొత్త కాదు. చోళ రాజరాజు కాలంలో, సుమారు క్రీ.శ. 1000 ప్రాంతంలో, పెద్ద ఎత్తున భూమి కొలత జరిగింది. కానీ కొలిచేవాడి కూలి గురించి మన పాఠ్యపుస్తకాల్లో స్పష్టంగా కనిపించేది షేర్‌షా సూరి పాలనలో (1540-45). ఆయన కాలంలో రైతు శిస్తుతో పాటు రెండు రుసుములు కట్టేవాడు. కొలిచేవారి కోసం కట్టేది జరీబానా, వసూలు చేసేవారి కోసం కట్టేది మహాసిలానా. మొదటిది 2.5 శాతం, రెండోది 5 శాతం అని ప్రిలిమ్స్ కోసం బట్టీ పడతాం. కొంచెం ఆగి చూడండి. తన పొలాన్ని రాజు కోసం కొలవడానికి వచ్చినవాడికి రైతే కూలి ఇస్తున్నాడు.

అక్బర్ కాలంలో తోడర్‌మల్ కొలత పద్ధతిని సంస్కరించాడు. అప్పటిదాకా కొలత జనపనార తాడుతో జరిగేది. తాడు తడిస్తే కుంచించుకుపోతుంది, ఎండితే సాగుతుంది. తాడు పొట్టిదైతే అదే పొలం ఎక్కువ తాళ్లు వస్తుంది, అంటే కాగితం మీద పొలం పెద్దదవుతుంది, శిస్తు పెరుగుతుంది. పొద్దున మంచులో కొలిచారా, మధ్యాహ్నం ఎండలో కొలిచారా అన్నదాన్ని బట్టి రైతు భారం మారేది. అందుకే తాడు స్థానంలో ఇనుప కడియాలతో కలిపిన వెదురు ముక్కల జరీబు వచ్చింది. 1580లో దహ్‌సాలా విధానం వచ్చింది. పదేళ్ల సగటు దిగుబడి, ధరల ఆధారంగా శిస్తు నిర్ణయించే ఆ విధానానికి కొలిచిన విస్తీర్ణమే పునాది. కొలిచే బృందం ఖర్చుకు బిఘాకు ఒక దామ్ చొప్పున జాబితానా అనే రుసుము ఉండేది. పనిముట్టు మెరుగైంది. ఖర్చు మాత్రం రైతు నెత్తిమీదే ఉంది.

2. కొలవకుండా రాసిచ్చిన హక్కు

ఈస్టిండియా కంపెనీ 1767లో జేమ్స్ రెన్నెల్‌ను బెంగాల్ సర్వేయర్ జనరల్‌గా నియమించింది. సర్వే ఆఫ్ ఇండియా తన పుట్టిన సంవత్సరంగా చెప్పుకునేది ఇదే. రెన్నెల్ పని నదులు, దారులు, కోటలు గీయడం. సైన్యం నడవడానికి, సరుకు పడవలు పోవడానికి కావలసిన పటాలవి. ఏ రైతుకు ఎంత పొలం ఉందో ఆ పటాల్లో ఉండదు.

అందుకే 1793లో కారన్‌వాలిస్ శాశ్వత శిస్తు విధానం తెచ్చినప్పుడు, పొలాల కొలత లేకుండానే జమీందార్లతో ఒప్పందం కుదిరింది. జమీందారు కంపెనీకి ఎంత కట్టాలో శాశ్వతంగా తేలింది. రైతు జమీందారుకు ఎంత కట్టాలో, ఎంత భూమికి కట్టాలో తేలలేదు. 1802లో ఇదే పద్ధతి మన ఉత్తర సర్కారులకు వచ్చింది. శ్రీకాకుళం నుంచి కృష్ణా దాకా ఉన్న జమీందారీ గ్రామాల్లో చాలావాటికి పొలం పొలానా సర్కారు సర్వే అందింది 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే. కొలత అన్యాయం చేయగలదని పై విభాగంలో చూశాం. కొలత లేకపోవడం కూడా అన్యాయమే చేస్తుందని ఇది చెబుతుంది. డ్రోన్ సర్వేను గుడ్డిగా వ్యతిరేకించేవారికి ఇచ్చే మొదటి జవాబు ఇక్కడే ఉంది.

3. మద్రాసు సర్వే బడి, ఏలూరు అన్నదమ్ములు

కంపెనీకి భూభాగం పెరిగే కొద్దీ సర్వేయర్ల కొరత వచ్చింది. ఇంగ్లండ్ నుంచి తెప్పిస్తే జీతం ఎక్కువ. 1794లో మైఖేల్ టాపింగ్ చొరవతో మద్రాసులో సర్వే బడి మొదలైంది. కుర్రవాళ్లను చేర్చుకుని కొలత, లెక్క, పటం గీయడం నేర్పేవారు. ఆ బడే కాలక్రమంలో గిండీ ఇంజనీరింగ్ కాలేజీ అయింది. టాపింగ్ 1796లో మన మచిలీపట్నంలో చనిపోయాడు. మన దేశంలో ఆధునిక సాంకేతిక విద్య మొదలైంది భూమిని కొలిచేవాడిని తక్కువ ఖర్చుతో తయారు చేసుకోవడం కోసమన్నమాట. ఎస్సేలో వాడుకోదగ్గ పాయింట్ ఇది.

1799లో టిప్పు పతనం తర్వాత మైసూరు సర్వే బాధ్యత కాలిన్ మెకంజీకి దక్కింది. ఆయన కొలతలతో ఆగలేదు. ఊరి పుట్టుక, గుడి మాన్యాలు, పాలెగాళ్ల వంశాలు, శాసనాలు అన్నీ సేకరింపజేశాడు. మనం కైఫియత్తులని పిలిచేవి అలా పోగైనవే. ఆ సేకరణకు కాళ్లు, కళ్లు, నాలుక అయినవాళ్లు ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అనే తెలుగు అన్నదమ్ములు. బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే పోయాడు. లక్ష్మయ్య పని కొనసాగించాడు. మెకంజీ 1815లో భారత సర్వేయర్ జనరల్ అయ్యాడు, 1821లో మరణించాడు. ఆ తర్వాత ఆ పరిశోధనను తాను నడుపుతానని లక్ష్మయ్య కోరితే కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పెద్దలు ఒప్పుకోలేదు. సేకరణ మెకంజీ పేరుతోనే ప్రసిద్ధమైంది. ఊరి మనిషి లేకుండా కొలత సాగదు. అయినా పటం కింద అతని పేరు ఉండదు.

4. దత్త మండలాల్లో మన్రో: ఎకరా కూలి, నెల జీతం

ఈ వ్యాసంలో అన్నిటికంటే జాగ్రత్తగా చదవాల్సిన విభాగం ఇది. 1800లో నిజాం కంపెనీకి అప్పగించిన బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాలే దత్త మండలాలు. వాటికి థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చాడు. 1802లో పొలం పొలానా సర్వే మొదలుపెట్టాడు. రైత్వారీ విధానానికి ఈ కొలతే ప్రాణం. సర్కారు నేరుగా రైతుతో వ్యవహరించాలంటే ఏ రైతుకు ఎంత భూమి ఉందో తెలియాలి కదా.

వాడిన గొలుసు 33 అడుగులు. 33 అడుగుల చదరం అంటే 1,089 చదరపు అడుగులు. అలాంటివి 40 కలిస్తే ఒక ఎకరా. తెలంగాణలో ఇప్పటికీ మనం గుంట అని పిలిచేది సరిగ్గా ఈ కొలతే. ఆంధ్రలో వాడే సెంటు ఎకరాలో నూరో వంతు, అంటే 435.6 చదరపు అడుగులు. 1620 ప్రాంతంలో ఎడ్మండ్ గంటర్ రూపొందించిన 66 అడుగుల, 100 లింకుల గొలుసు లెక్కలోంచి వచ్చిన దశాంశ అలవాటు అది. మన పాసు పుస్తకాల్లో రెండు గొలుసుల చరిత్ర ఉంది.

మన్రో సర్వేయర్లను పెట్టుకున్న తీరు ఇంకా ముఖ్యం. మొదట్లో పని తెలిసినవారు నలుగురైదుగురే. నేర్చుకునే దశలో నెల జీతం ఇచ్చాడు. తగినంత మంది తయారయ్యాక ఎకరాల లెక్కన కూలికి మార్చాడు. దాంతో పని వేగం పుంజుకుంది. అయితే ఎకరా లెక్కన కూలి తీసుకునేవాడు తొందరపడతాడు, తొందరలో తప్పు కొలుస్తాడు. అది మన్రోకు తెలుసు. అందుకే వారి పైన తనిఖీ చేసే హెడ్ సర్వేయర్లను పెట్టాడు. వారికి మాత్రం ఎకరాల లెక్క కాదు, నెల జీతం. ఎక్కువ ఎకరాలు చూపించినందువల్ల తనిఖీదారుకు లాభం ఉండకూడదని ఈ ఏర్పాటు. హెడ్ సర్వేయరు కొంత భూమిని తిరిగి కొలిచి చూసేవాడు. హద్దు మీరి తేడా వస్తే, కొలిచినవాడి ఉద్యోగం పోయేది.

వేగం కావాలంటే పనిని బట్టి కూలి, నిజాయితీ కావాలంటే తనిఖీదారుకు వేరే జీతం. ఇవాళ డ్రోన్ సర్వే టెండరు రాసే ఏ అధికారికైనా ఇంతకన్నా మంచి పాఠం దొరకదు.

దీనికి ఎదురుగా ఒక ఉదాహరణ పెట్టుకోండి. బొంబాయి దక్కన్‌లో ప్రింగిల్ చేయించిన సర్వే కాగితం మీద గొప్పది. రికార్డో భాటక సిద్ధాంతం ప్రకారం నికర ఆదాయం లెక్కగట్టాడు. కానీ కింది ఉద్యోగుల కొలతలు తప్పులతడకలు, లంచాలు మామూలు. శిస్తు భరించలేక రైతులు పొలాలు వదిలారు. ఆ సర్వేను పక్కనపెట్టి 1835లో ఇందాపూర్‌లో వింగేట్, గోల్డ్‌స్మిడ్ కొత్తగా మొదలుపెట్టాల్సి వచ్చింది. సిద్ధాంతం ఎంత గొప్పదైనా, గొలుసు పట్టినవాడి చెయ్యి సరిగా లేకపోతే ఫలితం ఇదే.

5. మహా త్రికోణమితి సర్వే: శిఖరం కొలిచినవాడు, మూట మోసినవాడు

మన్రో పొలాలు కొలుస్తున్న 1802లోనే, ఏప్రిల్ 10న, విలియం లాంబ్టన్ మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ వద్ద ఆధార రేఖ కొలవడం మొదలుపెట్టాడు. ఏడున్నర మైళ్ల గీత కొలవడానికి 57 రోజులు పట్టింది. తర్వాత అర టన్ను బరువున్న థియొడొలైట్‌ను కొండలెక్కిస్తూ, త్రిభుజం మీద త్రిభుజం పేర్చుకుంటూ ఉత్తరానికి సాగారు. లాంబ్టన్ తర్వాత జార్జ్ ఎవరెస్ట్ దాన్ని హిమాలయాల అంచుకు చేర్చాడు. చూపు సాగాలంటే అడ్డు ఉండకూడదు. దారిలో చెట్లు నరికారు, అడ్డొచ్చిన ఇళ్లూ తొలగించారు.

ఈ సర్వే పేరు చెప్పగానే రాధానాథ్ సిక్దర్ గుర్తుకు రావాలి. 1831లో నెలకు 30 రూపాయల జీతంతో కంప్యూటర్‌గా, అంటే లెక్కలు కట్టే మనిషిగా చేరాడు. పీక్-15 ప్రపంచంలో ఎత్తైన శిఖరమని 1852లో తేలిన లెక్కల వెనుక ఉన్నది ఆయనే. 1856లో 29,002 అడుగులని ప్రకటించి, ఆ శిఖరానికి ఎవరెస్ట్ పేరు పెట్టారు. 1851లో వచ్చిన సర్వే మాన్యువల్ సాంకేతిక అధ్యాయాల్లో సిక్దర్ సాయాన్ని ముందుమాటలో చెప్పుకున్నారు. 1875 ముద్రణలో ఆ మాట మాయమైంది.

ఇంతవరకు చాలామందికి తెలుసు. కొందరికే తెలిసింది ఇంకోటి ఉంది. 1843లో డెహ్రాడూన్ మేజిస్ట్రేట్ వాన్సిటార్ట్ సర్వే శాఖ కూలీలచేత తన సామాను మోయించుకున్నాడు. సిక్దర్ ఆ సామాను ఆపేశాడు. మా కూలీలతో వెట్టి చేయించుకునే హక్కు మీకు లేదన్నది ఆయన వాదన. కేసు నడిచి సిక్దర్‌కే 200 రూపాయల జరిమానా పడింది. శిఖరాల ఎత్తు లెక్కకట్టిన మనిషి, మూట మోసే ఖలాసీ తరఫున నిలబడ్డాడు. ఎథిక్స్ పేపర్‌కు ఇంతకంటే మంచి ఉదాహరణ మన చరిత్రలో వెతుక్కోనక్కర్లేదు.

6. చట్టం చేసిన మేలు: నోటీసు

గొలుసు ఒక్కటే న్యాయం చేయదని పందొమ్మిదో శతాబ్దం అంతా నేర్పింది. ఆ అనుభవం చట్టంలోకి వచ్చింది. మద్రాసు సర్వే, హద్దుల చట్టం 1923 ఇందుకు ముఖ్యమైన ఉదాహరణ. కొలవబోయే ముందు ప్రకటన చేయాలి. హద్దు మీద వివాదం లేకపోతే సర్వేయరు గుర్తిస్తాడు. వివాదం ఉంటే విచారణ చేసి నిర్ణయించాలి. దానిపై అప్పీలు ఉంటుంది. 13వ సెక్షన్ కింద తుది ప్రకటన వచ్చాక కూడా మూడేళ్లలో సివిల్ కోర్టుకు వెళ్లవచ్చు.

ఆంధ్ర ప్రాంతంలో ఎఫ్.ఎం.బి., అంటే పొలం కొలతల పుస్తకం, తెలంగాణలో టిప్పన్, సేత్వార్ ఈ కాలపు ఆస్తులే. హైదరాబాదు రాజ్యంలో సాలార్‌జంగ్ సంస్కరణలతో సర్వే సెటిల్‌మెంట్ పని ఊపందుకుంది. ఇన్ని దశాబ్దాలు గడిచినా గట్టు తగాదా వస్తే ఊళ్లో పెద్దలు అడిగేది ఆ పటమే. పాతుకున్న రాయి, మూడూళ్ల హద్దులు కలిసే చోట ఉండే ట్రైజంక్షన్ రాయి, వాటి పక్కన నిలబడి "ఇది మాదే" అని ఒప్పుకున్న ఇద్దరు రైతులు. పటానికి బలం వీటితోనే.

7. ఇప్పుడు డ్రోన్: ఏం చేస్తుంది, ఏం చేయలేదు

డ్రోన్ గాలిలోంచి ఒకదానిపై ఒకటి చాలా భాగం కప్పేలా వందల ఫోటోలు తీస్తుంది. నేల మీద ముందుగా గుర్తుపెట్టిన కంట్రోల్ పాయింట్ల స్థానాన్ని ఉపగ్రహ రిసీవర్‌తో కచ్చితంగా కొలుస్తారు. సాఫ్ట్‌వేర్ ఆ రెంటినీ కలిపి, కొలవదగిన పటం, ఎత్తుపల్లాల నమూనా తయారు చేస్తుంది. సర్వే ఆఫ్ ఇండియా నెలకొల్పిన కార్స్ స్టేషన్లు స్థానాన్ని సెంటీమీటర్ల తేడాలో సరిచేస్తాయి. వారాలు పట్టే క్షేత్ర పని రోజుల్లో అయిపోతుంది. మట్టి పని పరిమాణం, కంకర గుట్ట ఘనపరిమాణం, రోడ్డు పని ఎంతవరకు వచ్చిందన్నది లెక్కించడంలో దీనికి సాటిలేదు. అందుకే జాతీయ రహదారుల సంస్థ 2021లో ప్రాజెక్టులను నెలనెలా డ్రోన్‌తో వీడియో తీయడం తప్పనిసరి చేసింది.

చేయలేనిది కూడా తెలుసుకోవాలి. మామూలు కెమెరాకు చెట్టు నీడ కింద నేల కనపడదు. చెట్టు పైభాగాన్నే నేల అనుకుంటుంది. లేజర్‌తో కొలిచే లైడార్ కొంత సాయపడుతుంది, ఖర్చు ఎక్కువ. అన్నిటికంటే ముఖ్యం, డ్రోన్‌కు గట్టు కనిపిస్తుంది గానీ ఆ గట్టు ఎవరిదో కనిపించదు.

నియమాల విషయంలో పరీక్షకు పనికొచ్చేవి ఇవి:

- డ్రోన్ రూల్స్ 2021 ఆగస్టు 25న వచ్చాయి. బరువును బట్టి నానో (250 గ్రాముల లోపు), మైక్రో (2 కిలోల దాకా), స్మాల్ (25 కిలోల దాకా), మీడియం (150 కిలోల దాకా), లార్జ్ అని ఐదు తరగతులు.
- గగనతలం గ్రీన్, యెల్లో, రెడ్ జోన్లు. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా ముందస్తు అనుమతి అక్కర్లేదు. డ్రోన్‌కు విశిష్ట గుర్తింపు సంఖ్య ఉండాలి.
- నానో డ్రోన్లు, వ్యాపారేతర మైక్రో డ్రోన్లు తప్ప మిగతావి నడపాలంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కావాలి. కూలికి సర్వే చేసే పైలట్‌కు మైక్రో డ్రోన్‌తోనైనా ఇది తప్పదు.
- 2021 ఫిబ్రవరి 15 నాటి జియోస్పేషియల్ మార్గదర్శకాలు భారతీయ సంస్థలకు పటాల తయారీలో ముందస్తు అనుమతుల బాధ తప్పించాయి. అడ్డంగా 1 మీటరు, నిలువుగా 3 మీటర్ల కంటే సూక్ష్మమైన పటాలు తయారుచేసే హక్కు భారతీయ సంస్థలకే. 2022 డిసెంబరులో జాతీయ జియోస్పేషియల్ విధానం వచ్చింది.

8. పథకాలు, చట్టాలు: ఎక్కడ ఉన్నాం?

స్వామిత్వ పథకం 2020 ఏప్రిల్ 24న, జాతీయ పంచాయతీరాజ్ దినోత్సవం నాడు మొదలైంది. లక్ష్యం గ్రామంలోని నివాస స్థలాలు, మన భాషలో గ్రామకంఠం. శిస్తు రాని భూమి కాబట్టి పాత సర్వేలు గ్రామకంఠాన్ని లోపల కొలవలేదు. ఇల్లు ఉన్నా కాగితం లేదు, కాగితం లేదు కాబట్టి బ్యాంకు అప్పు లేదు. 2025 జనవరి 18న ఒకే రోజు 65 లక్షలకు పైగా ఆస్తి కార్డులు పంచారు. అప్పటికి 3.17 లక్షలకు పైగా గ్రామాల్లో డ్రోన్ సర్వే పూర్తయింది. పట్టణాల కోసం నక్షా కార్యక్రమం 2025 ఫిబ్రవరి 18న 152 పట్టణ స్థానిక సంస్థల్లో ప్రయోగాత్మకంగా మొదలైంది.

స్వామిత్వలో నాకు నచ్చిన అంశం డ్రోన్ కాదు, సున్నం గీత. డ్రోన్ ఎగిరే ముందు ఊరివాళ్లు, పంచాయతీ వాళ్లు కలిసి ఎవరి జాగా ఎంతవరకో నేల మీద సున్నంతో గీస్తారు. డ్రోన్ ఆ గీతనే ఫోటో తీస్తుంది. హద్దును నిర్ణయించింది ఇరుగుపొరుగు, డ్రోన్ దాన్ని నమోదు చేసింది.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 21న కృష్ణా జిల్లా తక్కెళ్లపాడులో మొదలైన రీసర్వే డ్రోన్లు, కార్స్, రోవర్లను వాడింది. భూమి హక్కుకు సర్కారు పూచీ ఉండాలన్న ఆలోచనతో వచ్చిన 2022 నాటి భూ హక్కుల చట్టం మీద తీవ్ర చర్చ జరిగి, 2024లో అది రద్దయింది. తెలంగాణలో 2020 నాటి ధరణి స్థానంలో 2025లో భూ భారతి వచ్చింది. పార్టీల వాదనల్లోకి పోకుండా ఒక మౌలిక విషయం గుర్తుంచుకోండి. మన దేశంలో రిజిస్ట్రేషన్ చట్టం 1908 కింద నమోదయ్యేది పత్రమే, హక్కు కాదు. మన హక్కు వ్యవస్థ భావనాత్మకం, అంటే వేరే రుజువు వచ్చేదాకా నిజమని అనుకునేది. పటం ఎంత సూక్ష్మమైనా ఈ లోటును పటం పూడ్చలేదు.

ఇక భూసేకరణ. 2013 చట్టం 12వ సెక్షన్ ప్రాథమిక సర్వే గురించి చెబుతుంది. భూమి యజమాని గానీ, అతను రాతపూర్వకంగా నియమించిన మనిషి గానీ లేకుండా ఆ సర్వే చేయకూడదు. కనీసం 60 రోజుల ముందు నోటీసు ఇచ్చి, ఉండే అవకాశం కల్పించినా రాకపోతేనే వారు లేకుండా చేయవచ్చు. చట్టం రాసినవాళ్లు కోరింది మనిషి హాజరు. ఇప్పుడు ఆలోచించండి. గొలుసు పట్టుకుని వచ్చినవాడు కళ్లకు కనపడతాడు, అడగవచ్చు, వాదించవచ్చు. 400 అడుగుల ఎత్తున ఎగిరే డ్రోన్ కింద యజమాని హాజరు అంటే అర్థం ఏమిటి? రాబోయే రోజుల్లో కోర్టులు, కలెక్టర్లు జవాబు చెప్పాల్సిన ప్రశ్న ఇది.

9. డ్రోన్ సర్వేయర్‌ను పెట్టుకునేవారు మన్రోను చదవాలి

నిర్మాణ పనుల్లో బిల్లు కొలత మీద నడుస్తుంది. మన పబ్లిక్ వర్క్స్ శాఖల్లో ఎం-బుక్ రాసేది ఇంజనీరు, కాంట్రాక్టరు కాదు. ఈ చిన్న నియమం వెనుక నూట యాభై ఏళ్ల అనుభవం ఉంది. ఇప్పుడు కాంట్రాక్టరే ఒక డ్రోన్ సంస్థను కుదుర్చుకుని, మట్టి పరిమాణం నివేదిక తెచ్చి, అదే బిల్లుకు జతచేస్తే? నివేదిక రంగురంగులుగా ఉంటుంది, దశాంశాలు ఆరేడు ఉంటాయి. కానీ కొలిచినవాడి కూలి ఇచ్చింది ఎవరు?

చరిత్ర ఇచ్చే సలహా నాలుగు మాటల్లో చెప్పవచ్చు.

మొదటిది, కొలతకు డబ్బిచ్చేవాడు, కొలత వల్ల లాభపడేవాడు ఒక్కరే కాకూడదు. జరీబానా రైతు మీద వేసినా, డ్రోన్ ఖర్చు కాంట్రాక్టరు మీద వేసినా, నియామకం మూడో చేతిలో ఉండాలి.

రెండోది, ఎకరాల లెక్కన, కిలోమీటర్ల లెక్కన కూలి తప్పు కాదు. కానీ తనిఖీకి వేరే మనిషి, వేరే జీతం ఉండాలి. డ్రోన్ సర్వేలో చెక్ పాయింట్లు అనేవి ఉంటాయి. పటం తయారీలో వాడకుండా పక్కన ఉంచి, తర్వాత పటం సరిగా వచ్చిందో లేదో చూడటానికి కొలిచే చుక్కలవి. అవి మన్రో హెడ్ సర్వేయరుకు వారసులు. ఆ చుక్కలను కూడా అదే సంస్థ కొలిస్తే తనిఖీ పేరుకే మిగులుతుంది.

మూడోది, ముడి సమాచారం కొలిపించుకున్నవారికి చెందాలి. ఫోటోలు, కంట్రోల్ పాయింట్ల వివరాలు సంస్థ దగ్గరే ఉండిపోయి చేతికి రంగు పటం మాత్రమే వస్తే, రేపు వివాదంలో తిరిగి సరిచూసే దారి ఉండదు. ఎఫ్.ఎం.బి. వందేళ్ల తర్వాత కూడా పనికొస్తున్నది అందులో ఆనాటి కొలతలు అంకెలతో సహా ఉన్నాయి కాబట్టే.

నాలుగోది, నేల మీద పరిశీలన లేకుండా హద్దు ఖరారు కాకూడదు. సున్నం గీత ముందు గీయాలి, లేదా పటం చేతపట్టుకుని రైతుతో పాటు గట్టు వెంట తర్వాతైనా నడవాలి. ఖలాసీ, గొలుసు మనిషి, గ్రామ సర్వేయరు పోస్టులు డ్రోన్ వచ్చిందని అనవసరమైపోవు. వాళ్ల పని కొలవడం నుంచి చూపించడం వైపు మారుతుంది.

10. ఆ ఆరు సెంట్లు

మా చేనికి తూర్పు గట్టు మీద వేప చెట్లున్నాయి. ఫోటోలో వాటి కొమ్మలే కనపడ్డాయి, కింద ఉన్న రాయి కనపడలేదు. గీత కొమ్మల లోపలి అంచు వెంట పడింది. నేల మీద పరిశీలనకు వచ్చిన రోజు నాన్న ఒక్కడే ఉన్నాడు. టాబ్లెట్‌లో చూపించిన పటం ఆయనకు అర్థం కాలేదు. అడగడానికి మొహమాటపడి సంతకం పెట్టాడు.

అభ్యంతరం పెట్టుకున్నాం. రెండు సార్లు తిరిగాక రోవర్‌తో మళ్లీ కొలవడానికి వచ్చారు. ఈసారి నేనున్నాను. నాన్న చెట్టు మొదట్లో ముళ్ల కంప తొలగించి, పారతో ఒక అడుగు తవ్వి రాయి చూపించాడు. ఆ రాయి ఎక్కడుందో ఆయనకు వాళ్ల నాన్న చూపించాడట. పక్క చేను పెద్దాయన కూడా వచ్చి, "అవును, అదే రాయి" అన్నాడు. రోవర్ ఆ రాయి మీద పెట్టారు. పది నిమిషాల్లో ఆరు సెంట్లు తిరిగొచ్చాయి.

యంత్రం మోసం చేయలేదు, అధికారి మోసం చేయలేదు. చూపించాల్సినవాడు చూపించలేదు, అడగాల్సినవాడు టెస్ట్ రాస్తూ కూర్చున్నాడు. మనలో కొందరు రేపు డిప్యూటీ కలెక్టర్లవుతారు. డ్రోన్ సర్వే ఫైలు మీ టేబుల్ మీదికి వస్తుంది. పటం ఎంత స్పష్టంగా ఉందని మాత్రమే చూడకండి. నోటీసు ఎప్పుడు ఇచ్చారు, గట్టు మీద ఎవరున్నారు, వాళ్లకు అర్థమయ్యే భాషలో చెప్పారా అని కూడా అడగండి.

సాధన కోసం ప్రశ్న: "భారతదేశంలో భూమి సర్వే పనిముట్లు మారినంతగా దాని జవాబుదారీతనం మారలేదు." షేర్‌షా కాలం నుంచి స్వామిత్వ దాకా ఉదాహరణలతో విమర్శనాత్మకంగా చర్చించండి. (250 పదాలు, 15 మార్కులు)

జవాబు రాసేటప్పుడు: ఆరంభంలో 1793 - 1802 తేడా (కొలవకుండా ఇచ్చిన హక్కు, కొలిచి ఇచ్చిన హక్కు) పెట్టండి. మధ్యలో మన్రో రెండు రకాల జీతాలు, సిక్దర్ ఉదంతం, 1923 చట్టం నోటీసు. వర్తమానానికి సున్నం గీత, 2013 చట్టం 12వ సెక్షన్. ముగింపులో డ్రోన్‌ను తిరస్కరించకుండా, స్వతంత్ర తనిఖీ, యజమాని హాజరు అనే రెండు షరతులతో స్వాగతించండి.